క్లౌన్ చేప కోసం అనిమోన్ కొనకండి

రెండు నెలల కిందట ఒక రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, షాపులో తెల్ల అనిమోన్ వచ్చింది. పాలలా మెరిసిపోతోంది. రేపు తెచ్చేయనా?" అన్నాడు. వాడు ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టి అప్పటికి నలభై రోజులు. అందులో రెండు క్లౌన్ చేపలున్నాయి. సముద్రంలో ఆ చేపలు కాపురముండేది అనిమోన్ అనే, పువ్వులా కనిపించే జంతువు మధ్యలో. పాపం అవి ఇల్లు లేక మూలమూలలా తిరుగుతున్నాయని వాడి బాధ.

వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ట్యాంకు ఇంకా కుదురుకోలేదు, కనీసం ఆరు నెలలు ఆగు అన్నాను. "అందరూ ఇదే మాట అంటారక్కా, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు" అని ముభావంగా పెట్టేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడన్నది నిజం. ఐదేళ్ళ కిందట నాకూ ఇదే మాట చెప్పారు. ఎందుకో తెలియక నేను వినలేదు. దాని ఫలితం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. అందుకే వాడికి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చేప సంగతి. సముద్రంలో క్లౌన్ చేప అనిమోన్ లేకుండా బతకలేదు, అందులో సందేహం లేదు. అంత చిన్న చేప, పైగా చురుగ్గా ఈదలేనిది, బయటికొస్తే పెద్ద చేపల నోట్లో పడుతుంది. అనిమోన్‌కి వేళ్ళలా ఊగే స్పర్శకాల నిండా కుట్టే కణాలుంటాయి. ఏదైనా తాకితే చాలు, కంటికి కనిపించని సూదులు దూసుకొచ్చి విషం ఎక్కిస్తాయి. క్లౌన్ ఒంటి మీదున్న జిగురు పొర దాన్ని కాపాడుతుంది కాబట్టి అది ఆ ముళ్ళపొద మధ్యలో హాయిగా పడుకుంటుంది. బదులుగా అనిమోన్‌ని కొరుక్కుతినే సీతాకోక చేపల్ని తరిమికొడుతుంది. చేప విసర్జన అనిమోన్‌కి ఎరువులా పనికొస్తుంది. ఎంత చూసినా తనివి తీరని సహజీవనం అది.

కానీ మన ట్యాంకులో క్లౌన్‌ని తరిమే చేప ఏది? భయమే లేనప్పుడు కోట ఎందుకు? ఈ రోజుల్లో షాపుల్లో దొరికే క్లౌన్లు చాలావరకు హేచరీల్లో పుట్టినవే. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు కూడా వీటిని గుడ్డు నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. ఆ చేపల్లో చాలావాటికి అనిమోన్ అంటే ఏమిటో తెలియదు. మట్టి కుండ పక్కనో పలక మీదో గుడ్లు పెడతాయి, మగచేప రెక్కలతో విసురుతూ వాటికి కాపలా కాస్తుంది, వారం పైన పిల్లలు బయటికొస్తాయి. వాటి సంసారానికి ఏ లోటూ లేదు.

ఇంకో మాట చాలామందికి తెలియదు. మనం ఎక్కువగా కొనేది నారింజ రంగు మీద మూడు తెల్ల పట్టీలుండే ఆసెల్లారిస్ అనే క్లౌన్ రకం. సముద్రంలో అది కాపురం పెట్టేది మూడు రకాల అనిమోన్లలోనే: మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సియై. కొత్తవాళ్ళకి సులువని చెప్పి షాపుల్లో ఇచ్చే బబుల్ టిప్ అనే అనిమోన్ రకం ఆ మూడింటిలో లేదు. కొన్ని ట్యాంకుల్లో ఆసెల్లారిస్ బబుల్ టిప్‌లో చేరుతుంది, కొన్నిట్లో ఏళ్ళు గడిచినా దాని వైపు కన్నెత్తి చూడదు. పోనీ ఆ మూడింట్లో ఒకటి తెద్దామా అంటే మాగ్నిఫికా, మెర్టెన్సియై మీటరు వెడల్పు దాకా పెరిగే జీవాలు. మన హాల్లో ట్యాంకు పొడవే అంత ఉండదు. అంటే చేప సుఖం కోసం అనిమోన్ కొంటున్నాం అన్న మాటలో నిజం లేదు. మన కళ్ళలో ముద్రపడిపోయిన ఒక బొమ్మ కోసం కొంటున్నాం.

ఇప్పుడు అనిమోన్ సంగతి. అది మొక్క కాదు, పువ్వు కాదు, జంతువు. పగడాలకీ జెల్లీ చేపలకీ దగ్గర చుట్టం. ఎముక లేదు, పెంకు లేదు, గుండె లేదు. నోరూ మలద్వారం ఒకటే. అడుగున పాదంతో రాయిని పట్టుకుని, నచ్చకపోతే వదిలి నడిచిపోతుంది. దాని కణాల్లో శైవలాలుంటాయి, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. అవి వెలుగు పట్టి ఆహారం తయారుచేసి అనిమోన్‌కి పెడతాయి. దాని ఆకలి చాలావరకు తీరేది అలాగే. మనం వేసే రొయ్య ముక్క పైన నంజుకునే పచ్చడి లాంటిది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉప్పు. మన ఒంట్లో ఉప్పు హెచ్చుతగ్గుల్ని సరిచేయడానికి మూత్రపిండాలున్నాయి. చేపకీ ఉన్నాయి. అనిమోన్‌కి లేవు. బయట నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటే దాని ఒళ్ళూ అంతే. సముద్రంలో ఇది ఇబ్బంది కాదు, అక్కడ లీటరుకి 35 గ్రాముల దగ్గర ఏళ్ళ తరబడి పెద్ద తేడా రాదు. హైదరాబాద్‌లో నా ట్యాంకు, దాని కింద ఫిల్టరుండే తొట్టితో (దాన్నే సంపు అంటాం) కలిపి దాదాపు 300 లీటర్లు. మే నెలలో రోజుకి ఐదు లీటర్లు ఆవిరైపోతాయి. నీళ్ళు పోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే 300 లీటర్లు 280 అవుతాయి, 35 కాస్తా 37.5 అవుతుంది. పైకి ఏమీ తెలియదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి. చేపలు మామూలుగానే తిరుగుతుంటాయి.

సరిగ్గా ఇదే జరిగింది నాకు. ట్యాంకు పెట్టిన మూడో నెలలో గోధుమ రంగు బబుల్ టిప్ ఒకటి తెచ్చాను. రెండు వారాలు బాగానే ఉంది, అందరూ చెప్పే ఆరు నెలల మాట ఉత్త భయమే అనుకున్నాను. అప్పుడే విశాఖపట్నంలో పెళ్ళికి నాలుగు రోజులు వెళ్ళాం. చేపలకి మేత వేయమని పక్కింటి వాళ్ళకి చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పలేదు. తిరిగొచ్చేసరికి సంపులో నీళ్ళు బాగా దిగిపోయాయి. కంగారుపడి ఆర్వో నీళ్ళు ఇరవై లీటర్లు బకెట్లతో ఒకేసారి పోసేశాను. నాలుగు రోజుల్లో మెల్లగా ఎక్కిన ఉప్పుని పది నిమిషాల్లో దించేశాను. ఎక్కడమే దానికి కష్టం, ఆ దిగడం ఇంకా కష్టం. ఆ సాయంత్రం అనిమోన్ పిడికిలిలా ముడుచుకుంది. అలిసిపోయిందేమో, పొద్దున్నకి విచ్చుకుంటుందిలే అనుకుని పడుకున్నాను.

తెల్లవారుజామున వాసనకి మెలకువ వచ్చింది. చేపల మార్కెట్ మూసేశాక వచ్చే వాసన. హాల్లో లైటు వేశాను. ట్యాంకులో నీళ్ళు పల్చటి మజ్జిగలా ఉన్నాయి. నీళ్ళని కదిలించే ఫ్యాను, అదే వేవ్‌మేకర్, దాని జాలీకి గోధుమ రంగు పీలికలు వేలాడుతున్నాయి. అది రాత్రి రాయిని వదిలేసి నీళ్ళలో కొట్టుకుపోయి ఆ ఫ్యానులో పడింది. తెగిపోయిన స్పర్శకాలు ట్యాంకంతా చెదిరి ఉన్నాయి, కొన్ని ఇంకా మెల్లగా ముడుచుకుంటున్నాయి. క్లౌన్లు రెండూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి. ఇసుకలో ఉండే చిన్న గోబీ చేప, తెల్ల మీసాల రొయ్య అప్పటికే చనిపోయాయి. కాళ్ళూ చేతులూ ఆడలేదు. చేతికందినంత ఉప్పు కలిపి, వంద లీటర్లు మార్చి, నీళ్ళని శుభ్రం చేసే కార్బన్ పెట్టేసరికి ఎండ వచ్చేసింది. ఆ పీలికలు ఒట్టి చేత్తో తీశాను. మణికట్టు మీద దద్దుర్లు రెండు రోజులున్నాయి.

"ఆరు నెలలు ఆగు" అన్న మాటకి అర్థం నాకు ఆ రోజు తెలిసింది. ఆ లెక్క ట్యాంకుది మాత్రమే కాదు. మొదటి నెలన్నరలో చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వస్తాయి, నిజమే. అప్పుడు చేపల్ని వదలొచ్చు. తర్వాత ఇసుక మీద గోధుమ రంగు పొర, ఆపైన పచ్చటి నాచు, ఎర్రటి జిగురు వరసగా వచ్చి పోతాయి. ఇవన్నీ ఆ నీళ్ళు తమ లెక్క తాము సరిచూసుకుంటున్న గుర్తులు. కానీ ఆరు నెలలు గడిచిన ట్యాంకుల్లో కూడా అనిమోన్లు చస్తాయి, ఎందుకంటే ఆ ఆరు నెలల్లో యజమాని ఏమీ నేర్చుకోలేదు. క్యాలెండర్ చూసుకుని కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. నీ ట్యాంకులో ఉప్పు వరసగా మూడు నెలలు 35 దగ్గర, వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య నిలబెట్టగలిగావా? అందులో ఒక నెల వేసవిదై ఉండాలి. ఒకసారైనా నువ్వు ఊరెళ్ళి వచ్చి ఉండాలి. ఒకసారైనా మూడు గంటలు కరెంటు పోయి ఉండాలి. అవన్నీ దాటినా నీ పుస్తకంలో అంకెలు కదలకపోతే అప్పుడు మాట్లాడదాం.

పుస్తకం అని ఊరికే అనలేదు. నాకు రోజూ రాసుకోవడం అలవాటైంది. తేదీ, వేడి, ఉప్పు, వారానికోసారి ఆల్కలినిటీ (నీటి క్షారగుణం), నైట్రేటు, ఫాస్ఫేటు. ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకు నేను తెలిశాను. సోమవారాలు ఉప్పు ఎప్పుడూ కాస్త ఎక్కువ, ఎందుకంటే ఆదివారం నేను ట్యాంకు దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. ఆవిరైన నీటిని దానంతటదే నింపే ఏటీవో పెట్టాక ఆ గీత చదునైంది. నీళ్ళని చల్లబరిచే చిల్లర్ కొన్నది రెండో వేసవికి. దాని ఖరీదు ట్యాంకు ఖరీదుని మించింది. అయినా బయట 42 డిగ్రీలుండే ఊళ్ళో ఫ్యాన్లతో అనిమోన్‌ని కాపాడతాననడం నా దృష్టిలో తప్పు. ట్యాంకు నీళ్ళు 31 దాటాయంటే దాని ఒంట్లోని శైవలాలు బయటికి పోవడం మొదలవుతుంది.

అలా పోయినప్పుడే అనిమోన్ తెల్లబడుతుంది. మా తమ్ముడు పాలలా మెరిసిపోతోందన్నది దాన్నే. తెల్ల అనిమోన్ అందమైన రకం కాదు, ఆకలితో ఉన్న అనిమోన్. దాని వంటవాళ్ళందరూ వెళ్ళిపోయారు. అండమాన్‌లో 2010లో, లక్షద్వీప్‌లోనూ మన్నార్ సింధుశాఖలోనూ 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డప్పుడు పేపర్లన్నీ విపత్తు అని రాశాయి. అదే తెలుపు షాపు ట్యాంకులో నీలి లైటు కింద ముచ్చటగా కనిపిస్తుంది, రేటు కూడా ఎక్కువ చెబుతారు. రోజుల తరబడి చీకటి సంచుల్లో ప్రయాణం చేసి, చాలని లైటు కింద పడి ఉంటే ఎలాంటి అనిమోన్ అయినా అలాగే అవుతుంది. నిమ్మపండు పసుపు, గాఢమైన గులాబీ రంగులైతే ఒక్కోసారి అద్దిన రంగులు. కొనడానికి వెళ్తే నోరు చూడండి, గట్టిగా మూసుకుని ఉండాలి. పాదం చూడండి, చిరిగి ఉండకూడదు. ఏ మెరుపు రంగు కింద అయినా గోధుమ ఛాయ కనపడాలి.

"నేను కొనకపోతే అది అక్కడే చస్తుంది కదక్కా" అని కూడా అన్నాడు వాడు. జాలిగుండె వాడిది, చిన్నప్పుడు వీధికుక్క పిల్లల్ని ఇంటికి తెచ్చేవాడు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. తెల్లబడ్డ అనిమోన్ మళ్ళీ రంగు పట్టడం సాధ్యమే. కుదురైన ట్యాంకులో, మెల్లగా పెంచే వెలుగులో, గోరంత గోరంత మేతతో నెలల తరబడి చూసుకుంటే తేరుకున్నవి ఉన్నాయి. కానీ నలభై రోజుల ట్యాంకులోకి తేవడం దాన్ని ఒక ఐసీయూ లేని ఆసుపత్రి నుంచి ఇంకో ఐసీయూ లేని ఆసుపత్రికి మార్చడమే. పైగా అమ్ముడైన చోట ఇంకొకటి వస్తుంది. షాపు వాళ్ళకి మన జాలి లెక్కలో కనపడదు, ఖాళీ అయిన సంచి కనపడుతుంది.

ఆ ఇంకొకటి ఎక్కడ్నుంచి వస్తుంది? క్లౌన్ల లాగా వీటికి ఊరూరా హేచరీలు లేవు. పెద్ద రకాలు చాలావరకు సముద్రంలోంచి పీకి తెచ్చినవే. ఒక అనిమోన్ ఎన్నాళ్ళు బతుకుతుందో ఊహకందదు. సర్ జాన్ గ్రాహం డాలియెల్ అనే స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1828లో నార్త్ బెరిక్ తీరంలో ఒక చిన్న అనిమోన్‌ని తెచ్చి గాజు పాత్రలో పెట్టుకున్నారు. ఆయన 1851లో కన్నుమూశారు. అది చేతులు మారుతూ ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్‌కి చేరి 1887 దాకా బతికింది. అందరూ దాన్ని 'గ్రానీ' అని పిలిచేవారు, అంటే మన మామ్మ. పోయినప్పుడు పత్రికలో సంతాప వార్త వేశారు. తీరం నుంచి తెచ్చాక 59 ఏళ్ళు! చల్లటి సముద్రపు చిన్న రకం అది, మన ట్యాంకుల్లో పెట్టే రకం కాదు. అయినా ఆ 59 అన్న అంకె చదివిన రోజు నేను నా మొదటి అనిమోన్‌ని తలుచుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. నా దగ్గర అది పద్దెనిమిది రోజులుంది. నా దగ్గరికి రాకముందు ఎన్నేళ్ళుగా ఏ రాయి మీద ఉందో!

ఆ కాలంలోనే ఇంగ్లండ్‌లో అక్వేరియం వెర్రి పట్టుకుంది. 1853లో లండన్ జూలో చేపలశాల తెరిచాక మధ్యతరగతి ఇళ్ళన్నీ గాజు తొట్లు కొన్నాయి. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అక్కడి డెవన్ తీరపు రాళ్ళగుంటల అందాల గురించి ఎంతో ప్రేమతో రాస్తే, అది చదివిన జనం ఎగబడి ఆ గుంటల్నే ఊడ్చుకుపోయారు. పాడుబడ్డ ఆ తీరం గురించి ఆయన కొడుకే తర్వాత ఎంతో బాధతో రాశారు. గాస్ ప్రేమలో లోపం లేదు. ప్రేమతోనే తీరం ఖాళీ అయింది.

ఇది నాకు ఎక్కడో జరిగిన కథలా అనిపించదు. మా తాతయ్య నన్ను విశాఖపట్నంలో జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళ మధ్య గుంటలు మిగిలేవి. ఒక గుంటలో అరచేతిలో సగం ఉండే అనిమోన్ విచ్చుకుని ఉండేది. "వేలు పెట్టి చూడు, మెల్లగా" అనేవారు తాతయ్య. పెట్టగానే జిగురుగా పట్టుకునేది, పసిపిల్లాడు వేలు పట్టుకున్నట్టు. తర్వాత నీళ్ళు చిమ్మి ముడుచుకుపోయేది. ఇసుక అంటించుకున్న చిన్న ముద్దలా మారి రాయిలో కలిసిపోయేది. ఇప్పుడు ఆ తీరంలోనే కత్తి పెట్టి వీటిని గోకి డబ్బాల్లో వేసుకుపోయేవాళ్ళు నాకు ఎదురయ్యారు. సముద్రం మనదే కదండీ, ఉచితమే కదా అన్నారు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. మా ట్యాంకులో రాతి పగడాలు లేకపోవడానికి కారణం అదే, లెదర్లు, మష్రూములు అనే మెత్తటి రకాలు మాత్రమే ఉన్నాయి. అనిమోన్‌ని ముట్టుకోకుండా ఉండటానికి నాకు చట్టం అక్కర్లేదు, ఆ గుంట చాలు.

మరి నీ దగ్గర ఉన్నదేమిటి అని అడగొచ్చు. ఉంది. మొదటిది పోయాక రెండేళ్ళు నేను ఇంకోటి తేలేదు. ఆ తర్వాత కూకట్‌పల్లిలో ఒక స్నేహితురాలి ట్యాంకులో బబుల్ టిప్ రెండుగా విడిపోయింది. బబుల్ టిప్‌కి ఆ గుణం ఉంది, నిలువునా సాగి, తనని తాను చీల్చుకుని, వారం తిరిగేసరికి రెండు నోళ్ళతో రెండు జీవాలవుతుంది. అందులో ఒకటి నాకిచ్చింది. సముద్రం నుంచి ఏమీ తీయలేదు. ఎవరైనా అనిమోన్ పెట్టుకోదలిస్తే ఇదొక్కటే దారి అని నా గట్టి నమ్మకం: ఇంకొకరి ట్యాంకులో పెరిగి విడిపోయిన ముక్క. అది గాజు మధ్య, లైటు కింద, ఉప్పు కలిపిన నీళ్ళలో బతకడం నేర్చిన జీవం. బతికే అవకాశం ఎక్కువ, తీరం మీద భారం లేదు.

దాని కోసం ట్యాంకునే మార్చాను. వేవ్‌మేకర్లన్నిటికీ స్పాంజి తొడుగులు వేశాను, పదిరోజులకోసారి ఉతకాలి. మధ్యలో లోతైన పగులున్న రాయి ఒకటి పెట్టాను, పాదం దూర్చుకోవడానికి. ఇసుకతో చుట్టూ ఖాళీ వదిలి మష్రూముల్ని దూరంగా జరిపాను, ఎందుకంటే అది నడిచిన దారిలో తగిలిన ప్రతిదాన్నీ కుడుతుంది. తెచ్చిన రోజు సన్నటి ట్యూబుతో చుక్కచుక్కగా మా నీళ్ళు కలుపుతూ రెండు గంటలు కూర్చున్నాను. మొదటి రెండు రాత్రులు అది నడిచింది. నేనూ పడుకోలేదు. మూడో రోజు నేను పెట్టిన పగులు కాదని, కుడివైపు రాయి కింద ఇంకో సందు చూసుకుని అక్కడే స్థిరపడింది. మళ్ళీ ఇంతవరకూ కదల్లేదు. ఎక్కడుండాలో దానికి నాకంటే బాగా తెలుసు.

వారానికోసారి వేలి గోరంత రొయ్య ముక్క పటకారుతో అందిస్తాను. ముందు ఒకే ఒక్క స్పర్శకం అంటుకుంటుంది. తర్వాత పక్కవి వంగుతాయి, ఆపైన ఆ వైపంతా మెల్లగా మడుచుకుని ముక్కని నోటి దగ్గరికి తోస్తుంది. ఐదారు నిమిషాలు పడుతుంది. మా అమ్మాయి హోంవర్కు ఆపేసి చూస్తుంది. చెప్పాల్సిన మాట ఇంకోటుంది, మా క్లౌన్లు రెండూ ఇప్పటికీ దానిలో చేరలేదు. ఎడమ మూల లెదర్ మడతల్లోనే పడుకుంటాయి. ఇంటికొచ్చిన వాళ్ళు అయ్యో అంటారు. నాకు ఏ వెలితీ లేదు. అనిమోన్‌ని నేను చేపల కోసం తేలేదు.

మా తమ్ముడు ఆ తెల్లది కొనలేదు. మర్నాడు వాడికి ఈ లెక్కలన్నీ వాయిస్ మెసేజిల్లో చెప్పాను, ఒక నోటుబుక్కు, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోమన్నాను. మా దగ్గరిది ఈసారి విడిపోతే ఒకటి వాడిదే అని మాటిచ్చాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ పేజీ ఫోటో పంపుతున్నాడు. మొన్నటి పేజీలో ఉప్పు ఏడు రోజులూ 35కీ 35.4కీ మధ్యలోనే ఉంది. వేడి మాత్రం బుధవారం 28.6కి ఎక్కింది. ఎందుకని అడిగితే మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయిందన్నాడు, ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద లేవట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ వైరు మార్పించు, మార్చాక మెయిన్ ఆపి రెండు గంటలు చూడు అన్నాను. శనివారం పిలుస్తానన్నాడు.